చల్లదనం బిల్లు

పీణ్యా రెండో ఫేజులో, రేకుల షెడ్డులో
ఇరవై రెండేళ్ళుగా రాగితీగ చుడుతున్నాను.
పేరు తిప్పమ్మ.
నవ్వుకోండి, షెడ్డులో అందరూ నవ్వి వదిలేశారు.

తుక్కు యార్డుల్లో క్రేన్లకు వేలాడుతుంటాయి చూడండి,
పిల్లి తన కూనను నోట కరుచుకున్నట్టు
కారు డొక్కును ఎత్తుకుపోయే అయస్కాంతాలు,
వాటి కడుపులో ఉన్నది నా చేతిపని.
తొమ్మిది వందల చుట్లు. వరసకూ వరసకూ మధ్య కాగితం,
పైన వార్నీషు.
టెస్టింగు రోజు కరెంటిచ్చిన అరగంటకు
జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనిస్తాను.
చురుక్కుమంటుంది.
అనకపోతేనే అనుమానం.

బెస్కాం బిల్లు చేత్తో పట్టుకుని
మా ఓనరు రుద్రేగౌడ ఒకసారి తల బాదుకున్నాడు:
"ఎత్తేది క్రేను మోటారు. ఇది ఊరికే పట్టుకుంటుంది.
పట్టుకోవడం అసలు పనే కాదంట, ఇంజనీరు లెక్కగట్టి చెప్పాడు.
మరి ఇంత కరెంటు ఎవడు తాగినట్టు?"
తీగే తాగింది సార్,
పోయే దారి పొడుగునా ఒరుసుకుని, వేడి చేసుకుని.
నా అరచేతికి తెలుసు.

పట్టుకోవడం పనే కాదంట!
చంకలో బిడ్డతో రేషను క్యూలో నిలబడ్డ
ఎవత్తినన్నా అడగమనండి.

పోయిన డిసెంబరులో నా కుడి భుజం పైకి లేవడం మానేసింది.
రాత్రి పదకొండు దాటితే స్కానింగు సగం రేటంటే
ఆఖరి మెట్రో పట్టుకుని రాజాజీనగర్ పోయాను.
మిషను కాడి కుర్రాడు చలపతి, బంగారపేట వాడు,
నా తెలుగు విని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"కంట్లో ఎప్పుడన్నా ఇనప రజను పడిందా అక్కా?"
పడింది. తీయించాను.
ఏ కన్ను, ఏ సంవత్సరం, కాగితముందా అని తవ్వి తవ్వి
ఎక్స్‌రే తీశాక గానీ గడప దాటనివ్వలేదు.

నేనడిగింది ఒక్కటే.
స్విచ్చు ఎప్పుడేస్తావబ్బాయ్?

"వేసేది లేదక్కా. ఆరేళ్ళ కింద ఒక్కసారి కరెంటు నింపి
కొసకు కొస కలిపేశారు.
సప్లయి తీగ పీకి చుట్టుకుని ఎత్తుకెళ్ళిపోయారు.
ఆనాడు పోసిందే, ఈ పొద్దుకీ తిరుగుతా ఉంది."

వేడెక్కదా?

"అడ్డముంటే గదా వేడి."

ఆరేళ్ళు.
ఆ గొట్టంలో వెల్లకిలా పడుకుని లెక్కేశాను:
ఆరేళ్ళలో నేనెన్ని చుట్లు చుట్టానో,
ఎన్ని కాలిపోయి తిరిగొచ్చాయో,
నల్లబడ్డ తీగ ఎన్నిసార్లు విప్పానో.
నా చెవి పక్కనే, గోడ అవతల
ఎవరూ తోయని ఒక ప్రవాహం
నన్ను చుట్టి చుట్టి పోతోంది.
దానికి నేనున్నట్టు కూడా తెలియదు.

డబడబల మధ్య సందులో
కిచ్ కిచ్, కిచ్ కిచ్,
గూట్లో పిట్టలాంటి చప్పుడు.
బయటికొచ్చి అడిగితే చలపతి ఆవులిస్తూ చెప్పాడు:
"చలి మిషను. తీగను హీలియంలో ముంచి పెట్టారు,
సున్నా కింద రెండొందల అరవై తొమ్మిది.
కాస్త వెచ్చబడిందా, అడ్డం పుట్టుకొస్తుంది,
ఆరేళ్ళ తిరుగుడూ నిమిషంలో ఆవిరి.
అందుకే రాత్రీ పగలూ ఇది ఆడాల్సిందే. బిల్లంతా దీనిదే."

ఒంటిగంటకు ఆటోలు లేవు.
ఆస్పత్రి వెనక సందులో, మంచులో,
ఒక పెద్ద డబ్బా ముందు వాచ్‌మన్
కుర్చీ వేసుకుని, తడి సాక్సులు దాని ఊచలకు ఆరేసుకుని
హాయిగా కునుకు తీస్తున్నాడు.
"ఇట్టా రండమ్మా, వెచ్చగా ఉంటుంది,
పైన ఆ స్కానింగు మిషనుది."

లేచే చెయ్యి ఎడమదే.
అరచెయ్యి ఆనించాను.

చురుక్కుమంది.